రోమను కట్టడముల పేళ్లు

ఈ యేటి సంచికకు చరిత్ర విషయమై ఏదేని యొకటి వ్రాయుడని పత్రికా సంపాదకులు మమ్ము కోరిరి. ప్రాచీన రోమనుల శిల్పమునకును, కట్టడములకును, ఆచారములకును సంబంధించిన మాటల పట్టిక యొకటి మా తరగతిలో కొన్ని యేండ్లుగా వాడుకలో నున్నది. ఎడమప్రక్కను రోమను మాట, కుడిప్రక్కను తెలుగు మాట. విద్యార్థులు దానిని కంఠస్థము చేయుదురు; పరీక్షలో వ్రాయుదురు; మార్కులును వచ్చును. అయినను, ఆట్రియము అనగా నేమని అడిగినంతనే నడిసావడి యని తడవుకొనక చెప్పు బాలుడు, ఆ సావడిలో కూర్చుండినవా రెవరు, నిలుచుండినవా రెవరు అని అడిగినచో తెల్లబోవును. ఆ ప్రశ్నకు జవాబు తెలియనిదే ఆ మాట తెలిసినట్లు కాదని మా యభిప్రాయము. కాబట్టి ఆ పట్టికలోని మాటలను కొన్నింటినే తీసికొని, వాని వెనుకనున్న మనుష్యులను గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

తెలిసినదానినుండి తెలియనిదానికి పిల్లవానిని నడిపింపవలెనను సూత్రమును ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నూఱుసారులు వినియుంటిమి. రోము విషయమున ఆ తెలిసినది ఏది? మన బాలబాలికలు రోమును బొత్తిగా ఎఱుగరని తలంపరాదు. తెలుగు బైబిలులోని శతాధిపతి రోమను సేనలోని యుద్యోగియే. పేరునుబట్టి నూఱుగురికి అధిపతి గాని, అతని క్రింద సామాన్యముగా నుండినవారు ఎనుబదిమంది మాత్రమే! దేనారమును మన అనువాదకులు తెలిగింపకయే విడిచిరి. పది యను అర్థముగల మాటనుండి పుట్టిన ఆ నాణెపు పేరు బైబిలుకంటె ఎంతో ముందే మన దేశమునకు వచ్చినది. అమరకోశములో దీనారమున్నది. నాగార్జునకొండ మహాచైత్యపు స్తంభశాసనములలో ఒక రాణి 170 దీనారి మాషకములను దానమిచ్చినట్లు చెక్కబడియున్నది. రోమను బంగారు నాణెములును ఆ లోయలో దొరకినవి. ఆ లోయ నేడు సాగరపు నీటి క్రిందనున్నను, మాట నిలిచినది. పరదేశపు మాట యొకటి వస్తువుతోకూడ వచ్చినచో ఇట్లు నిలుచును. వస్తువు లేక వచ్చినచో పరీక్ష మఱునాడే మాయమగును.

ఇక ఆట్రియమునకు వత్తము. దీనిని వివరించుటకు గోదావరి, కృష్ణా మండలములలోని మండువా లోగిలికి మించిన ఉపమానము లేదు. రోమను ధనికుని యింట నడుమ పైకప్పు నాలుగువైపులనుండి లోపలికి వాలి, మధ్యను ఆకాశము కనబడునట్లు తెఱచియుండును. ఆ తెఱపికి కొంప్లువియము అనియు, దాని క్రింద వాననీరు పడు లోతులేని తొట్టికి ఇంప్లువియము అనియు పేళ్లు. ఆ నీరు నేలలోపలి తొట్టికి దిగి యింటివారికి ఉపయోగపడెడిది. వీధిగుమ్మమునుండి ఆట్రియమునకు వచ్చు ఇఱుకు నడవను ఫౌకెస్ అనిరి, అనగా గొంతు. ఆట్రియమునకు ఆవల, గుమ్మమున కెదురుగా, యజమానుడు కాగితముల పనిచూచుకొను గది తబ్లీనుము. ఇంతవఱకు మా పిల్లలకు బాగుగనే బోధపడును. మండువా ఇండ్లను చూచినవారు ఈ కాలమున తక్కువయైనను, తాతగారి యూరిలో చూచినవాడు ఒకడైనను తరగతిలో ఉండును.

కాని పోలిక అంతటితో సరి. మండువా ఇంటివారిది, ఆట్రియము వచ్చువారిది. ప్రతి యుదయమును రోము నగరమున ఒక పెద్దమనుష్యుని ఆశ్రయించిన బీదవారును, చిన్న కులస్థులును అతని ఆట్రియములో చేరి, అతడు లేచివచ్చువఱకు నిలుచుండి నమస్కరింపవలయును. ఈ యాచారమునకు సలుతాషియో అని పేరు. ఆశ్రయించినవాడు క్లియెన్సు; ఆశ్రయమిచ్చువాడు పత్రోనుసు. నమస్కరించినవానికి స్పోర్తులా అను పేర కొంత ఆహారమో, కొన్ని నాణెములో లభించెడివి. స్పోర్తులా యనగా చిన్నబుట్ట. క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమునందలి శిల్పశాస్త్రవేత్త విట్రూవియసు తన గ్రంథములో ఒకచోట, సామాన్యులకు ఘనమైన ఆట్రియములు అక్కఱలేదనియు, ఏలయనగా వారు ఇతరుల యిండ్లకు పోయి నమస్కరించువారే గాని తమ యింట నమస్కారము లందుకొనువారు కారనియు వ్రాసెను. ఒక గది పేరునకు ఇంతకంటె స్పష్టమైన అర్థము ఏ నిఘంటువునందును దొరకదు. ఆట్రియము లేని యిండ్లవారు ఇన్సులా అను బహుళ అంతస్తుల అద్దె యిండ్లలో నుండిరి. ఇన్సులా యనగా ద్వీపము. ఆ యిండ్లు కూలియు కాలియు జనులను చంపుచుండగా, ఔగుస్తు చక్రవర్తి వాని యెత్తు 70 రోమను అడుగులకు మించరాదని శాసించెను.

ఆట్రియములో నిలుచుండినవారు జీవించియున్నవారు మాత్రమే కారు. గొప్ప పదవులు చేసిన పూర్వికుల ముఖములను మైనముతో తీసి, అచ్చటి బీరువాలలో పెట్టుకొనుట ఆ కుటుంబముల గౌరవము. వీనికి ఇమాజినెస్ అని పేరు. ఇంటిలో పెద్ద యొకడు చనిపోయినప్పుడు, దేహపు పొడవునందును నడకయందును ఆయా పూర్వికులను పోలినవారు ఆ మైనపు ముఖములను తగిలించుకొని శవయాత్రలో నడతురు. సభాస్థలమగు ఫోరమునకు చేరి, దంతపు పీఠములపై వరుసగా కూర్చుందురు. చనిపోయినవాని కుమారుడు రోస్ట్రా యను వేదికనెక్కి తండ్రి గుణములను చెప్పును. ఈ వర్ణన పొలీబియసు అను గ్రీకు చరిత్రకారునిది. రోస్ట్రా యనగా ముక్కులు! క్రీ. పూ. 338లో ఆంటియము పట్టణపువారిని జయించి, వారి ఓడల ముందరనుండు కంచు ముక్కులను తెచ్చి ఆ వేదికకు తగిలించుటవలన దానికి ఆ పేరు వచ్చినది. వేదిక యని మాత్రమే వ్రాసికొనిన విద్యార్థికి ఆ ఓడలు కనబడునా?

కొన్ని మాటలు వాడుకలో తమ వస్తువులనే మార్చుకొన్నవి. తెంప్లుము అనగా గుడి యని మా పట్టికలోనున్నది. వాస్తవముగా తెంప్లుము అనునది కట్టడమే కాదు. శకునములు చూచువాడు మంత్రపూర్వకముగా గిఱిగీసి ప్రత్యేకించిన చోటు. దేవతావిగ్రహముండు కట్టడమునకు ఏడెస్ అని పేరు. అందువలననే శాసనసభ కూడు మందిరము తెంప్లుమే గాని, వెస్తా దేవి యొక్క గుండ్రని గుడి తెంప్లుము కాదు. అదేవిధముగా బసిలికా. గ్రీకున రాజసంబంధమైనదని అర్థమగు ఈ మాట రోములో వ్యాపారులును, న్యాయాధిపతులును కూడు పొడవైన స్తంభశాలకు పేరు, క్రీ. పూ. 184లో కేటో కట్టించినది రోములో మొదటిదిగా ప్రసిద్ధము. నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైను కాలమున క్రైస్తవులు పెద్ద ఆలయములు కట్టుకొనునప్పుడు దేవళముల నమూనాను విడిచి ఈ కచేరీసావడి నమూనాను చేపట్టిరి. కారణము తేలికయైనది. రోమను గుడిలో విగ్రహము లోపలను, బలిపీఠమును జనులును వెలుపలను ఉందురు. సంఘముగా కూడి లోపల నిలుచుండి వాక్యము వినవలసినవారికి ఆ కట్టడము పనికిరాదు. జనులెచ్చట నిలుతురనునదియే ఇచ్చటను ప్రశ్న.

ఆ ప్రశ్న అన్నిటికంటె బిగ్గరగా వినబడు చోటు కొలోస్సియము. వెస్పాసియను ఆరంభించిన ఈ కట్టడమును అతని కుమారుడు టైటసు క్రీ. శ. 80లో తెఱచెను. చుట్టును 80 ద్వారములు. అందు 76 ద్వారములపై అంకెలు చెక్కిరి. కొన్ని యంకెలు నేటికిని చదువదగియున్నవి. జనులు బయటికి గుంపుగా వెడలు దారులకు వోమితోరియము అని పేరు. కక్కుట యను క్రియనుండి పుట్టిన మాట యగుటవలన, విందులో తిన్నది కక్కుటకు రోమనులు కట్టుకొనిన గది యని ఒక కట్టుకథ లోకమంతట వ్యాపించినది. మా విద్యార్థులు ఏ బొమ్మలోనో, చేతిఫోనులోనో దానిని చూచి పరమానందముతో మాకు చెప్పుదురు. అటువంటి గది ఏ యింటను లేదు, కక్కబడునది జనసమూహమే. మేము ఇది చెప్పినప్పుడు వారి ముఖములు చిన్నబోవుట చూడవలయును! మఱి ఆరేనా యనగా ఇసుక. రక్తమును పీల్చుటకు బల్లపఱపుపై ఇసుక చల్లుదురు. ఆ ఇసుక పేరే ఆటస్థలమునకు పేరైనది. నేడు క్రీడాంగణములకు ఆ పేరు పెట్టువారు ఆ సంగతిని తలంపరు. కూర్చుండు వరుసలకు నియమమున్నది: ఇసుకకు దగ్గఱగా శాసనసభ్యులు, వారి వెనుక ధనిక వర్గమువారు, పైన సామాన్య పౌరులు, అన్నిటికంటె పైన, మనుష్యులు చీమలవలె కనబడు దూరమున, స్త్రీలును దాసులును. ఇసుకపైననే ఉండినవారిలో పెక్కుమంది దాసులును, యుద్ధఖైదీలును, శిక్షితులును. అనగా దాసుడు అన్నిటికంటె దూరముననో, అన్నిటికంటె దగ్గఱగానో ఉండవలసినదే. నడుమ అతనికి చోటులేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట, కమానును బోధించుచున్న దినమున, మా తరగతిలోని యొక బాలుడు మమ్ము ఆలోచింపజేసెను. వాని తండ్రి తాపీపని చేయువాడు. రోమనుల కమానులో ఇరుప్రక్కలనుండి వచ్చు రాళ్లు నడినెత్తిన దిగగొట్టిన రాతితో ఒకదాని నొకటి అదుముకొని నిలుచునని మేము నల్లబల్లపై గీసి చూపితిమి. వాడు లేచి, “మాస్టరుగారండీ, ఆ నడిమి రాయి పడేదాకా రాళ్లను మోసేది సెంట్రింగు కొయ్య గదండీ. దాని పేరు పట్టికలో లేదేమండీ?” అని అడిగెను. తరగతి నవ్వినది. మేము నవ్వలేదు. కమాను నిలిచినవెంటనే విప్పి తీసివేయు కొయ్యకు పట్టికలో పేరు లేదు. వాడు కూర్చుండి మఱల లేచి, “ఆ రాళ్లు పైకి మోసిందెవరండీ?” అనెను. పట్టికలో చక్రవర్తుల పేళ్లు పండ్రెండున్నవి. మోసినవారి కొక్కమాటయు లేదు.

ఆ నాటినుండి మేము ఈ పాఠమును వానివంటివానికి చెప్పవలసిన క్రమమున చెప్పుచున్నాము. మొదట సున్నము. రోమనుల కాంక్రీటునకు ఓపుస్ కేమెంటికియుము అని పేరు. కేమెంటా యనగా పగులగొట్టిన రాతిముక్కలు. ఆ మాటయే తిరిగి తిరిగి నేడు మన మేస్త్రీల నోట సిమెంటు ఐనది. రాతి పేరు పొడి కెక్కినది! నేపుల్సు దగ్గఱనున్న పుతెయోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నముతో కలిపినచో నీటిలోపలను గట్టిపడునని విట్రూవియసు వ్రాసెను. ఆ యూరి పేరునుబట్టియే నేడు దానిని పొజోలానా యందురు. మన పెద్దలు ఇటుకపొడిని సున్నములో కలిపి గచ్చు చేయుటయు ఆ జాతి పనియే. రోమను సున్నములో అచ్చటచ్చట తెల్లని గడ్డలు కనబడును. చాలకాలము అవి సరిగా కలుపని పనివాని అశ్రద్ధకు గుర్తులని పండితులు తలంచిరి. 2023లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయపు శాస్త్రజ్ఞులు వేఱుమాట చెప్పిరి: పొడిసున్నమును వేడిగా కలుపుటవలన ఆ గడ్డలు ఏర్పడినవనియు, గోడ బీటవాఱి నీరు చొచ్చినప్పుడు అవి కరగి ఆ బీటను తామే పూడ్చుననియు. కూలివాని అశ్రద్ధ యనుకొనినది కూలివాని నేర్పాయెను. ఈ సంగతిని చెప్పునప్పుడు మాకు కలుగు సంతోషము దాచుకొనజాలము.

పాంథియోను గుమ్మటము ఈ కాంక్రీటుతో పోసినదే. హేడ్రియను కాలమున, క్రీ. శ. 126 ప్రాంతమున ముగిసిన దాని లోపలి అడ్డము సుమారు 142 అడుగులు. నేలనుండి నడినెత్తికిని అంతయే. ఇనుపకడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటములలో నేటికిని అంత పెద్దది మఱియొకటి లేదు. క్రింద బరువైన రాతిముక్కలును, పైకి పోయినకొలది తేలికవియును, నెత్తిపై నీట తేలు అగ్నిపర్వతపు రాయియును కలిపిరి. నడుమ ఓకులుస్, అనగా కన్ను, తెఱచియుండును. వాన లోపలనే పడును, నేలలోని రంధ్రములగుండ పోవును. ముఖద్వారముపై పెద్ద యక్షరములతోనున్న పేరు మాత్రము హేడ్రియనుది కాదు, అతనికి నూఱేండ్లకు పైగా పూర్వుడైన అగ్రిప్పాది. ముందటి కట్టడము అతనిది. నేటి కట్టడపు కాలమును పండితులకు చెప్పినవి ఆ ఘనమైన యక్షరములు కావు, గోడలలోపల దాగిన ఇటుకలు. రోమను ఇటుకబట్టీలవారు పచ్చి ఇటుకపై ముద్ర వేయుదురు: భూమి ఎవరిది, బట్టీ నడపినవాడెవడు, ఒక్కొక్కప్పుడు ఆ యేటి అధికారులెవరు. బట్టీ నడపినవారిలో దాసులును ఉండిరి. చక్రవర్తి పేరు గోడపైలేదు. దాసుని పేరు గోడలో నున్నది.

మోసినవారెవరను ప్రశ్నకు జవాబును దొరకినది. రోములో హటేరీ యను కుటుంబపువారి సమాధిపై చెక్కిన ఫలకమొకటి నేడు వాటికను ప్రదర్శనశాలలో నున్నది. అందు గుడివంటి సమాధి ప్రక్కను ఎత్తైన కొయ్య యంత్రమొకటి నిలిచియుండును. క్రింద పెద్ద చక్రము. చక్రములోపల మనుష్యులు మెట్లు ఎక్కుచున్నట్లు త్రొక్కుచుందురు. వారు త్రొక్కిన కొలది త్రాడు చుట్టుకొని రాయి పైకి లేచును. ఆ ఫలకపు బొమ్మను మేము తరగతిలో చూపినప్పుడు, మునుపు అడిగిన బాలుడు చక్రములోని మనుష్యులను వ్రేలితో లెక్కపెట్టెను.

పేళ్లను చెక్కుటయే గాక చెఱపుటకును రోమను పట్టికలో మాటయున్నది: దమ్నాషియో మెమోరియే, అనగా జ్ఞాపకమునకు విధించిన శిక్ష. ఈ పలుకుబడి తరువాతి పండితులు కల్పించినది గాని, పని రోమనులదే. క్రీ. శ. 203లో సెప్టిమియసు సెవెరసునకు ఫోరములో విజయపు కమాను ఎత్తినప్పుడు అతని యిద్దఱు కొడుకుల పేళ్లును దానిపై పొదిగిరి. తండ్రి చనిపోయిన సంవత్సరముననే, అనగా 211లో, పెద్దవాడు కరకల్లా తమ్ముడగు గేటాను చంపించి, కమానుపైని అతని పేరును తీయించి, ఆ స్థలమున తమ తండ్రీకొడుకుల బిరుదములను నింపించెను. అయితే కంచు అక్షరములను పొదుగుటకు తొలిచిన పాత రంధ్రములు నిలిచిపోయినవి. వానిని చూచి పాత మాటను నేడును చదువుదురు. ఒకరి గౌరవమును ఒకరు తీసికొనుటకు స్పోలియా యను మాటయు కలదు. దోపుడుసొమ్మని దాని యర్థము. 315లో ఎత్తిన కాన్‌స్టంటైను కమానుకు ట్రేజను, హేడ్రియను, మార్కసు ఔరేలియసుల కాలపు శిల్పములను తెచ్చి తగిలించి, కొన్నింటి తలలను చెక్కి క్రొత్త ముఖములు చేసిరి.

రోమునకు తూర్పున పోర్టా మజ్జోరే యను ద్వారమున్నది. అది మొదట ద్వారము కాదు. క్లౌదియసు కాలమున ముగిసిన రెండు అక్వెడక్టులు, అనగా ఎత్తైన కమానులపై నడచు నీటికాలువలు, బాటను దాటుచోటు. దాని ప్రక్కను, ఆ కాలువలకంటెను పాతదైన, వింత సమాధి యొకటి కలదు. గోడలలో గుండ్రని రంధ్రములు వరుసలుగా నున్నవి; అవి పిండి పిసుకు పాత్రల రూపములని చాలమంది తలంతురు. ఇది మార్కసు వెర్గిలియసు యూరిసాకెస్ అను రొట్టెలవానిది. గ్రీకు పేరును బట్టియు, తండ్రి పేరు చెప్పకపోవుటను బట్టియు అతడు విడుదల నొందిన దాసుడని పలువురి యభిప్రాయము. అతనికి పూర్వికుల మైనపు ముఖములు లేవు. కాబట్టి సమాధి చుట్టును పైభాగమున తన పనివారినే చెక్కించెను: ధాన్యము కొనువారు, గాడిదలచే తిరుగలి త్రిప్పించువారు, పిండి పిసుకువారు, పొయ్యిలో పెట్టువారు, రొట్టెలను తూచి బుట్టలతో మోయువారు. తరువాతి కాలమున ద్వారపు బురుజొకటి దానిని కప్పివేసెను. 1838లో ఆ బురుజును పడగొట్టగా మఱల వెలుగు చూచినది. అచ్చటనే అతని భార్యయని తలంపబడు అతిస్తియా యను స్త్రీ శాసనమును దొరకినది. ఆమె శరీరమున మిగిలినది ఒక పనారియుమునందు ఉంచబడినదని దానిలో నున్నది. పనారియుము అనగా రొట్టెల బుట్ట.